ట్రైలర్ కారవాన్‌లో నీళ్లు రావడం లేదా? ట్యాంకు నుంచి నల్లా దాకా లోపాన్ని పట్టుకునే పద్ధతి

కారవాన్‌లో నల్లా తిప్పితే నీళ్లు రానప్పుడు చాలామంది వెంటనే పానా అందుకుని పంపు విప్పడానికి కూర్చుంటారు. దయచేసి అలా మొదలుపెట్టకండి. కారు వెనుక తగిలించుకుని తీసుకెళ్లే ట్రైలర్‌లో నీటి ఏర్పాటు చిన్నదే. పాడయ్యే భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయితే అవన్నీ మంచం కింద, వంటగట్టు వెనుక, చెక్క పలకల చాటున ఉంటాయి కాబట్టి, ఎక్కడ చూడాలో తేల్చుకోకుండా విప్పుకుంటూ పోతే ఉన్న లోపం దొరకకపోగా కొత్తగా రెండు చోట్ల కారడం మొదలవుతుంది. నీళ్లు ఎక్కడి దాకా వస్తున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికాకే పనిముట్టు పట్టుకోవాలి. ఆ జవాబు రాబట్టడానికి చాలాసార్లు చెవులు, కళ్లు, ఒక బకెట్టు సరిపోతాయి.

నీళ్లు నడిచే దారులు

ఆటోనగర్‌లో బాడీ కట్టించుకున్న ట్రైలర్ అయినా, బయటి దేశం నుంచి తెప్పించుకున్నదైనా, లోపలి అమరిక దాదాపు ఒకటే. నల్లాకు నీళ్లు రెండు దారుల్లో చేరతాయి. మొదటిది సొంత దారి: మంచినీళ్ల ట్యాంకు అడుగు నుంచి ఒక పైపు బయలుదేరి, పారదర్శకమైన చిన్న గిన్నె లాంటి జాలీ ఫిల్టరు గుండా 12 వోల్టుల పంపులోకి వెళ్తుంది. పంపు దాటాక అది రెండు శాఖలుగా విడిపోయి, ఒకటి చల్లనీళ్ల నల్లాలకు, ఇంకొకటి గీజరు మీదుగా వేడినీళ్ల నల్లాలకు పోతుంది. రెండవది బయటి దారి: ట్రైలర్ గోడకు ఉన్న మూతిలో హోస్ పైపు తగిలిస్తే, ఆ నీళ్లు ట్యాంకుతో, పంపుతో పని లేకుండా, పంపు తరువాతి పైపులో నేరుగా కలుస్తాయి. ఈ రెండు దారులకూ విడివిడిగా ఎన్‌ఆర్‌వీలు, అంటే నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వులు, ఉంటాయి. పంపుకు చెందినది సాధారణంగా పంపు లోపలే ఉంటుంది, బయటి దారికి చెందినది గోడ మూతిలో ఉంటుంది.

పంపు గురించి ఒక మాట. ఇంట్లో ఆర్‌ఓ మెషీనులో ఉండే బూస్టర్ పంపు జాతికి చెందినదే ఇది కూడా. లోపల రబ్బరు పొర ముందుకూ వెనక్కూ కదులుతూ నీళ్లను లాగి తోస్తుంది. దీని తల మీద ప్రెషర్ స్విచ్చి ఉంటుంది. నల్లాలన్నీ మూసి ఉన్నప్పుడు పైపులో పీడనం 40 నుంచి 55 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.8 నుంచి 3.8 కిలోల మధ్య, ఆ పంపుకు నిర్ణయించిన అంకెకు చేరగానే స్విచ్చి పంపును ఆపేస్తుంది. నల్లా తెరిస్తే పీడనం పడిపోయి మళ్లీ నడిపిస్తుంది. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే పంపు చేసే శబ్దాలకు అర్థం తెలుస్తుంది.

మొదటి పని: రెండు దారులనూ పోల్చి చూడటం

ట్రైలర్ ఇంటి దగ్గరే ఉంటే ముందుగా పంపు స్విచ్చి ఆపి, బయటి మూతికి హోస్ తగిలించి నీళ్లు వదలండి. వంటగట్టు దగ్గర, బాత్రూములో, షవరులో, చల్లవీ వేడివీ విడివిడిగా తిప్పి ఏది ఎలా వస్తోందో కాగితం మీద రాసుకోండి. తరువాత బయటి నీళ్లు కట్టేసి, ట్యాంకులో సగానికి పైగా నీళ్లు ఉన్నాయని కంటితో చూసి, పంపు వేసి అవే నల్లాలను అదే వరుసలో మళ్లీ తిప్పండి.

బయటి నీళ్లతో అన్నీ బాగా వచ్చి పంపుతో రాకపోతే, లోపం ట్యాంకుకూ పంపుకూ మధ్యనో పంపులోనో ఉందన్నమాట, నల్లాలను ముట్టుకోనక్కర్లేదు. పంపుతో బాగా వచ్చి బయటి నీళ్లతో రాకపోతే, గోడ మూతి జాలీ, ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటరు, హోస్, మీ ఇంటి నీళ్ల ఒత్తిడి, ఈ నాలుగింటిలో ఒకటి కారణం. రెండు దారుల్లోనూ ఒకే నల్లా మొండికేస్తే ఆ నల్లాను, వేడినీళ్లు మాత్రమే రాకపోతే గీజరు వాల్వులను చూడాలి. పది నిమిషాలు పట్టే ఈ పోలిక వెతకవలసిన చోటును సగానికి సగం తగ్గించేస్తుంది. దారిలో ఉండి బయటి నీళ్లు దొరకకపోతే పంపు శబ్దాన్నే ఆధారం చేసుకోండి: అసలు శబ్దం లేకపోవడం, ఆగకుండా తిరగడం, ఎవరూ నల్లా తిప్పకుండానే అప్పుడప్పుడు గుర్రుమని ఆగిపోవడం. ఈ మూడింటికీ కారణాలు వేరు.

పంపు నుంచి శబ్దమే లేకపోతే

ఇది కరెంటు సమస్య. బయటి హోస్ తగిలించి ఉండి పైపుల్లో అప్పటికే ఒత్తిడి నిండి ఉంటే మాత్రం పంపు తిరగకపోవడం సహజం, అది లోపం కాదు. హోస్ లేనప్పుడు కూడా మౌనంగా ఉంటే ముందు దీపాలు వెలుగుతున్నాయా చూడండి; మసకగా ఉంటే బ్యాటరీ దిగిపోయింది. దీపాలు బాగుంటే పంపు ఫ్యూజు తీసి చూడండి. కాలిపోయి ఉంటే పంపు మీద రాసిన ఆంపియర్లకే కొత్తది వేయాలి తప్ప, చేతికి దొరికిన పెద్ద ఫ్యూజు వేయకూడదు. చెక్క గోడల మధ్య పోయే తీగ అది.

ఫ్యూజు కూడా బాగుంటే నల్లా ఒకటి తెరిచి, పంపు స్విచ్చి వేసి, మల్టీమీటరుతో పంపు తీగల దగ్గర వోల్టేజీ కొలవండి. అక్కడ వోల్టేజీ లేకపోతే స్విచ్చి దగ్గరో, ట్రైలర్ చట్రానికి బిగించిన నెగటివ్ తీగ దగ్గరో తెగింది. వానాకాలం తరువాత ఆ నెగటివ్ బోల్టు తుప్పు పట్టడం చాలా మామూలు. వోల్టేజీ ఉన్నా పంపు కదలకపోతే, నల్లా తెరిచే ఉంచి, ప్రెషర్ స్విచ్చికి వచ్చే రెండు తీగలనూ క్షణం సేపు కలిపి చూడండి. పంపు తిరిగితే మోటారు మంచిదే, స్విచ్చి మార్చాలి. నల్లా మూసి ఉండగా మాత్రం ఈ పరీక్ష చేయవద్దు, ఎందుకంటే అప్పుడు పంపును ఆపేవారు ఎవరూ ఉండరు. పంపు నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గరి కొలతకూ పంపు దగ్గరి కొలతకూ అర వోల్టును మించి తేడా కనిపిస్తే తీగ సన్నదైనా అయి ఉండాలి, కనెక్షను వదులైనా అయి ఉండాలి. ఇలాంటి పంపు నీరసంగా తిరిగి, ఆగవలసిన ఒత్తిడికి చేరలేక ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

పంపు తిరుగుతూనే ఉంది, నీళ్లు రావు

అందరినీ ఎక్కువ వేధించేది ఇదే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

మూసీ పుట్టే అనంతగిరి కొండల దగ్గర ఒక సాయంత్రం ట్రైలర్ ఆపి చాపలు పరిచాము. మా అమ్మ రాత్రి మందులు వేసుకోవడానికి గ్లాసు పట్టుకుని నల్లా తిప్పితే, రెండుసార్లు తుప్ తుప్ మని గాలి చిమ్మి ఊరుకుంది. పంపు మాత్రం తిరుగుతూనే ఉంది. నేను మంచం పలక ఎత్తి, టార్చి నోట పట్టుకుని, క్లాంపులన్నీ వదులు చేసి మళ్లీ బిగించాను, జాలీ కడిగాను, పంపు తల స్క్రూలు కూడా తిప్పాను. గంటన్నర గడిచాక బయటికి వచ్చి నిలబడితే, ట్రైలర్ ముక్కు కిందికి వాలి ఉండటం అప్పుడు కనిపించింది. మా ట్యాంకు నుంచి పైపు బయలుదేరేది వెనుక మూల నుంచి. మీటరు పావు ట్యాంకు చూపిస్తున్న ఆ నీళ్లన్నీ ముందు వైపుకు చేరి, పైపు మూతి గాలిలో ఉండిపోయింది. ముందు చక్రం హ్యాండిల్ తిప్పి ముక్కు ఒక జానెడు పైకి లేపగానే జాలీ గిన్నెలో నీళ్లు గిరగిరా తిరుగుతూ నిండాయి, పంపు గొంతు మారింది, నల్లా ఒకసారి దగ్గి ధార కట్టింది. అందువల్ల నేను ఇప్పుడు అందరికీ చెప్పేది ఇదే: పంపు తిరిగి నీళ్లు రాకపోతే ముందు ట్యాంకులో నీళ్లు ఎన్ని ఉన్నాయో మీటరు మాట నమ్మకుండా చూడండి, తరువాత ట్రైలర్ సమంగా నిలబడిందో లేదో చూడండి. మీ ట్యాంకు పైపు ఏ మూల నుంచి బయలుదేరుతుందో ఈరోజే తెలుసుకుని పెట్టుకోండి.

నీళ్లూ ఉండి, నేలా సమంగా ఉంటే, ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపును వరుసగా చూడాలి. ట్యాంకు మూతి దగ్గర బాల్ వాల్వు ఉంటే పిడి పైపు దిశలోనే ఉండాలి. అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. తరువాత జాలీ గిన్నె. కొత్తగా కట్టించిన ట్రైలర్లలో ట్యాంకుకు రంధ్రాలు వేసినప్పుడు లోపల పడిన తెల్లని ప్లాస్టిక్ పొట్టు మొదటి రెండు మూడు ప్రయాణాల్లో ఇక్కడికే వచ్చి చేరుతుంది. గిన్నె విప్పి, జాలీని పాత టూత్‌బ్రష్షుతో కడిగి, రబ్బరు రింగు దాని గాడిలోనే కూర్చుందా లేదా అన్నది వేలితో తడిమి చూసి బిగించండి. రింగు ఒక్క చోట నలిగినా చాలు, పంపు నీళ్లకు బదులు గాలిని లాగుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. పంపు తరువాతి పైపులో సందు ఉంటే నీళ్లు బయటికి కారతాయి, మనకు తడి కనిపిస్తుంది. పంపు ముందు పైపులో సందు ఉంటే ఒక్క చుక్క కూడా బయటికి రాకపోవచ్చు. అటు నుంచి గాలే లోపలికి పోతుంది. అందువల్ల "ఎక్కడా కారడం లేదు, కాబట్టి పైపు బాగుంది" అనుకోకూడదు. పంపు నడుస్తుండగా జాలీ గిన్నె వెనుక టార్చి పెట్టి చూడండి. బుడగలు వరుసగా వస్తుంటే సందు గిన్నెకు వెనుక, ట్యాంకు వైపు ఎక్కడో ఉంది. అనుమానం ఉన్న అతుకు చుట్టూ వాజలైన్ దట్టంగా పూయండి. బుడగలు ఆగిపోతే చోటు దొరికినట్టే; అక్కడ పైపు చివర ఒక అంగుళం కోసేసి కొత్త క్లాంపుతో బిగించండి. చలి దేశాల నుంచి వచ్చిన ట్రైలర్లలో పంపు ముందు ఒక చిన్న వాల్వు, దానికి వేలాడే ఒక పొట్టి గొట్టం కూడా ఉంటాయి. నీళ్లు గడ్డకట్టే కాలంలో పైపుల్లోకి మందు నీళ్లు ఎక్కించడానికి పెట్టినది అది. మనకు దానితో పని లేదు, కానీ ఎవరి చేయో తగిలి అది తెరుచుకుంటే పంపు ఆ గొట్టం నుంచి గాలిని లాగుతూ కూర్చుంటుంది.

ఇవన్నీ చూసినా తేలకపోతే బకెట్టు పరీక్ష చేయండి. పంపు ముందున్న పైపు విప్పి, దాని స్థానంలో ఒక గజం గట్టి పైపు తగిలించి, రెండవ కొసను పంపు ఎత్తులోనే పెట్టిన బకెట్టు నీళ్లలో ముంచి పంపు వేయండి. జాలీ గిన్నె మాత్రం పంపుకే ఉండనివ్వండి. బకెట్టు ఖాళీ అవుతుంటే పంపు నిర్దోషి, లోపం ట్యాంకు వైపు పైపులో ఉంది. బకెట్టు నుంచి కూడా లాగకపోతే పంపు తల విప్పి లోపలి రబ్బరు వాల్వుల కింద ఇసుక రేణువో ప్లాస్టిక్ ముక్కో ఇరుక్కుందేమో చూడండి. రబ్బరు పొర చిరిగితే తల భాగం ఒక్కటే మార్చుకోవచ్చు. పైపుల, పంపుల విడిభాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లేవారు పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్తే కొలతల దగ్గర పొరపాటు జరగదు.

పంపు ముందు పైపుగా పలచని పారదర్శక గొట్టం వాడటం నాకు సమ్మతం కాదు. మే నెల ఎండలో ట్రైలర్ లోపల మూసిన అరలు ఎంత కాగుతాయో మీకు తెలుసు. ఆ వేడికి మెత్తబడిన గొట్టం పంపు లాగినప్పుడు వంపు దగ్గర చప్పిడిగా నొక్కుకుపోతుంది, పంపు ఆపి చూస్తే మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. లోపల దారం అల్లిక ఉన్న గట్టి పైపు వేయించుకోండి. అలాగే పంపు తరువాత ఇళ్లలో వాడే సీపీవీసీ పైపులు వేసే మేస్త్రీలు ఉన్నారు. గోడలో కదలకుండా ఉండే ఆ పైపు, స్పీడ్ బ్రేకర్ల మీద రోజంతా అదిరే బండిలో అతుకుల దగ్గర పగలడం మొదలుపెడుతుంది. వంగే గుణం ఉన్న పెక్స్ పైపు ఖరీదు ఎక్కువైనా నయం.

అర్ధరాత్రి పంపు దానంతట అదే తిరిగితే

నల్లాలన్నీ కట్టి ఉండగా పంపు పది నిమిషాలకో గంటకో ఒకసారి రెండు సెకన్లు తిరిగి ఆగుతోందంటే పైపులో ఒత్తిడి మెల్లగా తగ్గిపోతోందని అర్థం. ఆ నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. తెల్లని టిష్యూ కాగితం ముక్కలు చించి, అందుబాటులో ఉన్న ప్రతి అతుకు కింద ఒకటి పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున తడిసిన ముక్కే చోటు చెబుతుంది. కాగితాలన్నీ పొడిగా ఉంటే టాయిలెట్ గిన్నె గోడలను వేలితో తుడిచి చూడండి, ఎందుకంటే ఫ్లష్ వాల్వు నుంచి సన్నగా జారే నీళ్లు బయట ఎక్కడా తడి చూపవు. ట్రైలర్ బయటి గోడకు ఉండే షవరు మూత తెరిచి దాన్నీ చూడండి.

అక్కడా లేకపోతే పంపు లోపలి ఎన్‌ఆర్‌వీ సరిగా మూసుకోవడం లేదని, పైపులో నీళ్లు తిరిగి ట్యాంకులోకే పోతున్నాయని అనుమానించాలి. నిర్ధారణ సులువు: ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, దాని డ్రెయిన్ మూత తెరిచే ఉంచి, పంపు ఆపి, బయటి హోస్ తగిలించండి. డ్రెయిన్ నుంచి సన్నధార మొదలైతే ఎన్‌ఆర్‌వీ పోయినట్టే. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. బయటి హోస్ పెట్టి మీరు నిద్రపోతే ఆ నీళ్లు ట్యాంకును నింపి, పొంగి, నేల చెక్కలోకి దిగుతాయి. వాల్వు మార్చేదాకా బయటి నీళ్లను మనుషులు ఉన్నప్పుడే, మెలకువగా ఉన్నప్పుడే వాడాలి. ఆ మాటకొస్తే వాల్వు బాగున్నా సరే, ఊరెళ్లేటప్పుడు బయటి నల్లా కట్టేసి వెళ్లడమే మంచి అలవాటు.

దీనికి జోడు లోపం ఇంకొకటి ఉంది. పంపు వేయగానే గోడ మూతి నుంచి నీళ్లు బయటికి చిమ్మితే, ఆ మూతిలోని ఎన్‌ఆర్‌వీలో మట్టి రేణువు అడ్డుపడింది. పంపు ఆపి, నల్లా తెరిచి ఒత్తిడి పోయాక, జాలీ తీసి, లోపల మధ్యలో కనిపించే చిన్న మొనను మెత్తగా ఒకసారి నొక్కి వదలండి. తరచు ఆ ఒక్క నొక్కుతో రేణువు కడుక్కుపోతుంది.

మన ఊళ్లో బయటి నీళ్ల ఒత్తిడి

కారవాన్ల గురించి ఇతర దేశాల వారు చెప్పేది విన్నప్పుడు మనకు ఒక తేడా గుర్తుండాలి. వాళ్లకు వీధి పైపు నుంచి రోజంతా ఒత్తిడితో నీళ్లు వస్తాయి. మన హైదరాబాద్‌లో కృష్ణా నీళ్లైనా మంజీరా నీళ్లైనా వేళకు వచ్చి సంపులో పడి, అక్కడి నుంచి మేడ మీది ట్యాంకుకు ఎక్కుతాయి. మనం హోస్ తగిలించేది ఆ ట్యాంకు నుంచి దిగే నల్లాకు. నీళ్ల మట్టం ప్రతి పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. రెండంతస్తుల ఇంటి పై ట్యాంకు నుంచి కింద నిలబెట్టిన ట్రైలర్‌కు అందేది కాస్త అటూ ఇటూగా ఒక కిలోనే, అంటే 14 పీఎస్‌ఐ. ట్రైలర్ పంపు ఇచ్చేదానిలో అది మూడవ వంతు ఉంటుంది. కాబట్టి ఇంటి దగ్గర బయటి నీళ్లు బలహీనంగా రావడం ట్రైలర్ లోపం కాకపోవచ్చు. పెరటి గొట్టం పొడవుగా, సన్నగా ఉంటే ఆ ఉన్న ఒత్తిడి కూడా దారిలోనే తగ్గిపోతుంది. ఇలాంటి చోట నేను బయటి దారి వాడను; ట్యాంకు నింపుకుని పంపుతోనే వాడుకుంటాను.

దీనికి పూర్తి విరుద్ధమైన పరిస్థితి అపార్ట్‌మెంట్లలో, రిసార్టుల్లో ఎదురవుతుంది. అక్కడ ప్రెషర్ పంపులు ఉంటాయి, ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు. అలాంటి నల్లాకు తగిలించే ముందు 2.5 నుంచి 3 కిలోలకు నియంత్రించే రెగ్యులేటరు వాడటం తప్పనిసరి. దాన్ని ట్రైలర్ వైపు కాకుండా నల్లా వైపు బిగిస్తే హోస్‌కు కూడా రక్షణ ఉంటుంది. పై ట్యాంకు నీళ్లకు వచ్చినప్పుడు ఆ రెగ్యులేటరు తీసేయండి. అక్కడ అది చేసే మేలు లేకపోగా వచ్చే ధారను ఇంకా సన్నగా చేస్తుంది.

ట్యాంకరు నీళ్లు పట్టినప్పుడల్లా గోడ మూతి జాలీ చూడండి. నాణెం అంత ఉండే ఆ జాలీ మీద సన్న ఒండ్రు ఒక పొర కట్టినా ధార సగమవుతుంది. తీసే ముందు బయటి నల్లా కట్టి, లోపల ఒక నల్లా తెరిచి ఒత్తిడి వదిలించాలి, లేకపోతే జాలీ ముఖం మీదికి ఎగురుతుంది.

ఒక్క నల్లాయో, వేడినీళ్లో రాకపోతే

బోరు నీళ్లు వాడేవారికి ఇది తప్పదు. తాగే నీళ్ల ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం గట్టిదనం, అంటే నీళ్లలో కరిగిన సున్నం లాంటి లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా అనుమతి ఉంది. నగర శివార్ల బోర్లలో చాలావాటి నీళ్లు బకెట్టు అంచున వదిలే తెల్లచారతోనే తమ సంగతి చెబుతాయి. ఆ సున్నమే నల్లా చివరి జాలీలో గట్టిపడుతుంది. జాలీ విప్పి, నల్లా ఒకసారి తిప్పి చూడండి. ధార బాగుంటే దోషం జాలీదే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కరిగించి అందులో జాలీని గంటసేపు నానబెడితే సున్నం వదిలిపోతుంది. షవరు తలకూ ఇదే వైద్యం.

వేడినీళ్లు అసలు రాకపోతే గీజరు వెనుక బైపాస్ వాల్వులు చూడాలి. గీజరును దారి నుంచి తప్పించడానికి పెట్టిన ఆ రెండు మూడు పిడులు తప్పు దిశలో ఉంటే వేడి వైపు ధార ఆగిపోవడమో, చల్లనీళ్లే రావడమో జరుగుతుంది. నీళ్లు గోరువెచ్చగా వస్తూ ఎంతసేపటికీ వేడెక్కకపోతే బయటి గోడ షవరు వైపు వెళ్లండి: అక్కడ వేడి, చల్ల నల్లాలు రెండూ తెరిచి షవరు తల దగ్గర మాత్రమే కట్టి ఉంటే, రెండు నీళ్లూ ఆ గొట్టంలో కలిసి ట్రైలర్ అంతటా గోరువెచ్చగా పాకుతాయి. వేడినీళ్ల నల్లా నుంచి నిండు ధార వచ్చేదాకా గీజరు స్విచ్చి ఎప్పుడూ వేయకండి. నీళ్లు లేని గీజరులో కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది.

నీళ్లు కాగుతున్నప్పుడు గీజరు సేఫ్టీ వాల్వు నుంచి కాసిని చుక్కలు పడటం వాల్వు పాడైనందువల్లే కానక్కర్లేదు. వేడికి నీళ్లు వ్యాకోచిస్తాయి, ట్యాంకు పైభాగంలో ఉండవలసిన గాలి తగ్గిపోతే ఆ ఒత్తిడి వాల్వు మీద పడుతుంది. గీజరు పూర్తిగా చల్లారాక, పంపునూ బయటి నీళ్లనూ ఆపి, ఒక వేడినీళ్ల నల్లా తెరిచి, సేఫ్టీ వాల్వు పిడి ఎత్తి నీళ్లు కారడం ఆగేదాకా పట్టుకుని వదలండి. గాలి తిరిగి చేరుతుంది. ఆ తరువాత కూడా కారితే వాల్వు మార్చాలి. దాన్ని డమ్మీతో మూసేయడం మాత్రం ఎన్నటికీ చేయవద్దు, ప్రాణాపాయం.

ట్యాంకు, మీటరు, వాసన

ట్యాంకు నింపుతుంటే గుటగుటమని నీళ్లు వెనక్కి తన్నుతున్నాయా? గాలి గొట్టం మూసుకుంది. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు ఆ రంధ్రం చాలా ఇష్టం. సన్నని తీగతో శుభ్రం చేసి మూతికి దోమజాలీ కట్టండి. అదే గొట్టం మూసుకుంటే పంపు లాగినప్పుడు ట్యాంకు గోడలు లోపలికి గుంజుకుని ధార తగ్గుతుంది కూడా. మీటరు ఎప్పుడూ ఒకే మట్టం చూపుతుంటే ట్యాంకు గోడకున్న సెన్సర్ స్క్రూల మీద సున్నం పేరుకుని ఉంటుంది.

నీళ్లు వాసన వేస్తే ట్యాంకును క్లోరిన్‌తో కడగాలి. సుగంధం, సబ్బు కలపని, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ప్రతి లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున, అంటే 100 లీటర్ల ట్యాంకుకు 100 మిల్లీలీటర్లు, ముందు బకెట్టు నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి నిండుగా నింపండి. తాగునీటి ఫిల్టరు కార్ట్రిడ్జి ముందే తీసేయాలి. పంపు వేసి ప్రతి నల్లాలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు వదిలి, మొత్తం ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. బ్లీచింగ్ పౌడరు వాడితే దానిలోని సున్నం జాలీని మూసేస్తుంది కాబట్టి తేరుకున్న తేటను మాత్రమే పోయాలి. నిమ్మ ఉప్పు, వెనిగర్ లాంటి పులుపు పదార్థాలను ఈ ద్రావణంతో కలపనే కూడదు, విషవాయువు పుడుతుంది. వేడినీళ్లలో మాత్రమే కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది గీజరులోని మెగ్నీషియం కడ్డీ మీద చేరిన బ్యాక్టీరియా పని. గీజరులోకీ ఈ క్లోరిన్ నీళ్లను ఎక్కించాలి.

నాగార్జునసాగర్ దారిలో నల్గొండ జిల్లా దాటేవారికి ఒక మనవి. ఆ జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. మరిగించినా, క్లోరిన్ వేసినా అది పోదు. దారి పక్క బోరు నుంచి ట్యాంకు నింపినా అవి చేతులకూ పాత్రలకే వాడండి, తాగడానికి క్యాను వేరుగా పెట్టుకోండి.

మరమ్మతు అయిపోయిందని వెంటనే చెక్క పలకలు బిగించకండి. ట్యాంకు సగం నింపి, ఔటర్ రింగ్ రోడ్డు మీదో, మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీదో ఇరవై కిలోమీటర్లు తిప్పుకుని రండి. ఇంటికి రాగానే పంపు వేసి, ఒత్తిడి నిండాక ఆపి, విప్పి బిగించిన ప్రతి అతుకు కిందా టిష్యూ ముక్క పరిచి పడుకోండి. పొద్దున ముక్కలన్నీ పొడిగా ఉండి, నల్లా తిప్పగానే పంపు స్విచ్చి వేయకముందే నీళ్లు ఒక్కసారి జోరుగా చిమ్మితే ఒత్తిడి రాత్రంతా నిలిచినట్టు. అప్పుడు పలకలు బిగించవచ్చు.